గోడౌను గదికి తాళం కప్ప: అపోహలు, వాస్తవాలు

అమలాపురంలో తాళాల కొట్టు నాది. కొబ్బరి దింపులు, వరి కోతలు అయ్యాక షట్టరు గదులు అద్దెకు తీసుకున్నవాళ్లు వచ్చి "గట్టి కప్ప ఒకటియ్యండి" అంటారు. తలుపు ఎలాంటిదండీ అంటే, తలుపుతో నీకేం పని అన్నట్టు చూస్తారు.

అపోహ: కప్ప పెద్దదైతే దొంగ ముట్టుకోడు.

ఒకాయన తన కప్ప తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వేసిన కప్ప వేసినట్టే ఉంది, గీత కూడా పడలేదు. దానికి గడియ పట్టీ వేలాడుతోంది. పట్టీకి నాలుగు స్క్రూలూ ఉన్నాయి, వాటి మరల్లో చెక్కపొట్టుతో సహా. దొంగ కప్ప జోలికే పోలేదు, పట్టీ సందులో గునపం పెట్టి పెరికేశాడు. అందుకే ముందు పట్టీ చూసుకోండి. స్క్రూలు తీయించి, తలుపు ఆ పక్కకి దిగే బోల్టులు వేయించి, లోపలివైపు నట్లు బిగించమనండి. ఇంటి ఓనర్ని ఒక మాట అడిగి చేయించండి, సాధారణంగా కాదనరు.

ఇక కప్ప సైజంటారా, పైకడ్డీ గడియ రింగుని నిండుగా పట్టాలి. కడ్డీ పోయాక రింగులో వేలు దూరే ఖాళీ మిగిలిందంటే రాడ్డూ దూరుతుంది.

అపోహ: లీవర్లు ఎన్ని ఎక్కువుంటే కప్ప అంత బలం.

లీవరంటే కప్ప లోపలుండే పలచని రేకు. ఒక్కో లీవరుని తాళంచెవి పళ్లు సరిగ్గా అంత ఎత్తుకే లేపితేనే లోపలి బోల్టు కదులుతుంది. లీవర్లు ఎక్కువుంటే వేరే చెవితో తెరుచుకోవడం కష్టం, అంతే. కడ్డీ కోసేవాడికి లీవర్లు ఆరైనా ఎనిమిదైనా ఒకటే. కోతకి ఆగేది గట్టిపరిచిన ఉక్కు కడ్డీ. చవక కప్ప కొంటుంటే అదే రకం ఇంకో కప్ప చెవి అడిగి దీంట్లో తిప్పి చూడండి. తెరుచుకుంటే నేను ఏమీ అనుకోను, వెనక్కి ఇచ్చేయండి.

అపోహ: ఇత్తడి కప్పకి తుప్పు రాదు.

ఒంటికి రాదు. కడ్డీ ఉక్కుది, లోపలి స్ప్రింగులూ చాలా వాటిలో ఉక్కువే. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి పైపూత లేచిన చోటల్లా కడ్డీ ఎర్రబడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ అయితే తుప్పుకి ఆగుతుంది గానీ, గట్టిపరిచిన ఉక్కంత మొండిది కాదు. సముద్రం దగ్గరైతే నేను స్టీలు వైపే మొగ్గుతాను, వానకి అడ్డంగా రబ్బరు మూతొకటి వేయిస్తాను.

అపోహ: కప్ప బిగుసుకుంటే కొబ్బరినూనె వేస్తే సరి.

ఆయ్, మన దగ్గర నూనెకి లోటేముంది! కానీ కొబ్బరినూనె 24 డిగ్రీల కింద పేరుకుంటుంది. పుష్యమాసం తెల్లవారుజామున గోడౌను దగ్గర చెవి తిరగక నాకు ఫోన్లు చేసేవాళ్లలో సగం మంది ఈ నూనె బాపతే. ఎండాకాలంలో అదే నూనె తవుడు దుమ్మునీ, కొబ్బరిపీచు పొట్టునీ పట్టుకుని ముద్దవుతుంది. గ్రాఫైటు పొడి వేయండి. దొరక్కపోతే పెన్సిలు ములుకు నూరి చెవికి రాసి నాలుగుసార్లు తిప్పండి.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల నుంచి వచ్చిన కప్పల నిండా ఒండ్రే. అలాంటివాటిలో చెవి బలవంతంగా తిప్పకండి, విరిగితే లోపలే ఉండిపోతుంది. మంచినీళ్లలో జాడించి, రంధ్రం కిందికి ఉండేలా వేలాడదీసి, పూర్తిగా ఆరాక పొడి వేయండి.

అపోహ: ఓనరిచ్చిన కప్ప ఉందిగా, కొత్తదెందుకు?

పాత అద్దెదారు చెవి ఎవరి దగ్గరుందో ఓనరుకే తెలీదు.

ఇంకోటి. నొక్కితే పడే కప్ప కన్నా చెవి తిప్పితేనే పడేది గోడౌనుకి మేలు. చెవి లోపల మర్చిపోయి తాళం వేసే వీలుండదు. రెండో చెవి ఇంట్లో పెట్టుకోండి. దాన్ని గోడౌను లోపలే మేకుకి తగిలించినవాళ్లు ముగ్గురు నాకు తెలుసు. ముగ్గురి కప్పలూ గ్రైండరుతో కోసింది నేనే.