చికిత్స ముగిసిన కుర్రాళ్లు, విరాళాల సైకిల్ రైడ్: అపోహలు - వాస్తవాలు

ఫిబ్రవరి 4 ప్రపంచ క్యాన్సర్ దినం, 15 అంతర్జాతీయ బాలల క్యాన్సర్ దినం. ఈ తేదీల చుట్టూ మన జిల్లాల్లో విరాళాల కోసం సైకిల్ రైడ్ పెట్టాలనుకునేవారు ముందుగా అడిగేది ఒకటే: చికిత్స అయిపోయిన కుర్రాడినో అమ్మాయినో మాతో తొక్కించవచ్చా? ఇంట్లోవాళ్లు అసలు వద్దంటారు. నిర్వాహకులేమో "క్యాన్సర్‌నే గెలిచాడు, ముప్పై కిలోమీటర్లు ఒక లెక్కా?" అంటారు. ఈ రెండు మాటలూ మాకు ఒకేలా కనిపిస్తాయి. ఏ మందు ఎక్కింది, మొత్తం ఎంత ఎక్కింది, రేడియేషన్ ఒంట్లో ఎక్కడ పెట్టారు అన్నది చూడకుండా చెప్పిన మాటలే అవి. ఆ వివరాలున్న చికిత్స సారాంశం కాగితం చేతిలో ఉంటేనే ఎంత దూరం, ఏ సైకిల్, ఎవరి తోడు అన్నది తేలుతుంది.

శ్రీకాకుళం నుంచి అరసవల్లి, గార మీదుగా కళింగపట్నం తీరానికి వెళ్లే దారిని ఉదాహరణగా తీసుకుంటున్నాం. ముప్పై కిలోమీటర్లకు కాస్త తక్కువ, ఎత్తుపల్లాలు దాదాపు లేవు, జాతీయ రహదారి మీద తొక్కాల్సిన పని లేదు.

అపోహ: "ఎండలో తొక్కితే జబ్బు తిరగబెట్టేస్తాది. గుంటడికి విశ్రాంతే మందు."

వ్యాయామం వల్ల క్యాన్సర్ తిరగబెట్టదు. చికిత్స తర్వాత నెలల తరబడి వదలని నీరసానికి మంచం పట్టి ఉండటం విరుగుడు కాదు, దాన్ని ఇంకా పెంచుతుంది. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట చొప్పున మధ్యస్థ వ్యాయామం 8 నుంచి 12 వారాలు చేస్తే నీరసం, దిగులు తగ్గుతాయని 2019లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మధ్యస్థం అంటే తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

ఎండ విషయంలో ఇంటివాళ్ల భయానికి కొంత ఆధారం ఉంది. రేడియేషన్ పెట్టిన చోట చర్మం త్వరగా కమిలిపోతుంది, ఏళ్లు గడిచినా ఆ చోట జాగ్రత్త తప్పదు. పొడుగు చేతుల చొక్కా, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ వాడాలి. పొద్దెక్కకముందే తీరం చేరేలా బయలుదేరాలి.

అపోహ: "జుట్టు వచ్చింది, ఒళ్లు వచ్చింది, రిపోర్టు శుభ్రంగా ఉంది. ఇంకేటి భయం?"

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి. ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు జరిగేది ఇక్కడే.

జుట్టు వచ్చిందంటే కీమో ఆగిందని మాత్రమే అర్థం. గుండె ఎలా ఉందో అది చెప్పదు. పిల్లల లుకేమియాలో (రక్త క్యాన్సర్), లింఫోమాలో (లింఫు గ్రంథుల క్యాన్సర్), ఎముక క్యాన్సర్లలో వాడే డాక్సోరూబిసిన్, డౌనోరూబిసిన్ గుండె కండరాన్ని దెబ్బతీయగలవు. పేర్లు గుర్తులేని ఇంటివాళ్లు కూడా "ఎర్ర మందు ఎక్కించారు" అంటారు, అది ఈ జాతి మందే. ఆ దెబ్బ వెంటనే బయటపడకపోవచ్చు. ఐదేళ్లకో పదేళ్లకో గుండె మీద భారం పడిన రోజున తెలియవచ్చు. చికిత్స మొత్తంలో డాక్సోరూబిసిన్ లెక్కన శరీర ఉపరితలం చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు, అంతకు మించి ఎక్కితే ఎక్కువ ముప్పు ఉన్నవారి కింద లెక్క. వీళ్లు ఏ లక్షణమూ లేకపోయినా రెండేళ్లకు మించకుండా ఎకో (గుండె స్కాన్) చేయించుకుంటూ ఉండాలి. ఎర్ర మందుతో పాటు ఛాతీకి రేడియేషన్ కూడా పడితే ముప్పు ఇంకా పెరుగుతుంది.

అందుకే రైడ్‌కు పేరు ఇచ్చేముందు ఎకో తేదీ చూడండి. గడువు దాటితే ముందు ఎకో, ఆ తర్వాతే సాధన. మామూలు ఇసిజి దీనికి సరిపోదు. గుండె ఎంత బలంగా రక్తాన్ని తోస్తోందో అది చూపించదు. పడుకుంటే ఆయాసం, పాదాల వాపు, ఉన్నట్టుండి గుండె దడ, తొక్కుతుండగా కళ్లు తిరగడం, ఛాతీలో నొప్పి: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సైకిల్ దిగి గుండె వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఎకో బాగున్నా పోటీపడి తొక్కించకూడదు. రైడ్‌లో మొదటి, రెండో స్థానాలు పెట్టకపోతే ఆ బెడద ఉండదు.

హాడ్జ్‌కిన్ లింఫోమాకు బ్లియోమైసిన్ తీసుకున్నవారి విషయంలో ఊపిరితిత్తులనూ చూడాలి. మెట్లు ఎక్కితే పొడిదగ్గు, ఆయాసం వస్తుంటే ఊపిరి సామర్థ్యం పరీక్ష చేయించకుండా రోడ్డెక్కించవద్దు.

ఇక స్టెరాయిడ్లు. లుకేమియా చికిత్సలో డెక్సామెథసోన్ వాడిన టీనేజీ పిల్లల్లో కొందరికి తుంటి ఎముక తలకు రక్తం అందక అది కుంగిపోతుంది. నొప్పి గజ్జల్లోనో మోకాల్లోనో కనిపిస్తుంది కాబట్టి కండరం పట్టిందనుకుని నూనె రాసి ఊరుకుంటారు. కుంటుతూ నడుస్తున్నా, కూర్చుని కాలు మడిచేటప్పుడు గజ్జల్లో నొప్పి వచ్చినా తుంటికి ఎంఆర్ఐ తీయించాలి. తొలిదశలో ఎక్స్‌రేకు అది దొరకదు.

అపోహ: "వేళ్లు కాస్త తిమ్మిరిగా ఉన్నాయంతే. సైకిల్ తొక్కేది కాళ్లతో కదా."

సైకిల్‌ని ఆపేది వేళ్లే. విన్‌క్రిస్టిన్ అనే మందు చేతి వేళ్ల చివర, పాదాల్లో నరాలను దెబ్బతీస్తుంది. మందు ఆపాక చాలామందికి క్రమంగా తగ్గుతుంది, కొందరికి ఏళ్లు ఉండిపోతుంది. ఇంట్లోనే మూడు పరీక్షలు చేయండి. కళ్లు మూసుకుని చొక్కా గుండీలు పెట్టుకోగలరా? మడమల మీద పది అడుగులు నడవగలరా? కళ్లు మూసుకుని పాదాలు దగ్గర పెట్టి తూలకుండా నిలబడగలరా? మొదటిది కుదరకపోతే బ్రేకు మీద, రెండోది కుదరకపోతే పెడల్ మీద పని చేయాలి. మూడోది కుదరకపోతే రోడ్డు మీద కాదు, ఇంట్లో స్థిరంగా ఉండే సైకిల్ మీద మొదలుపెట్టాలి.

బ్రేకు: పాత రాడ్ బ్రేకు సైకిల్ వద్దు. దాన్ని గట్టిగా పిండాలి, తడిస్తే ఇంకా గట్టిగా పిండాలి. తీగతో పనిచేసే వీ-బ్రేకు గానీ డిస్క్ బ్రేకు గానీ ఉన్నది తీసుకోండి. బ్రేకు లివర్ (వేళ్లతో పిండే మీట) దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే లివర్ హ్యాండిల్‌కు దగ్గరగా వస్తుంది. చూపుడువేలి మొదటి కణుపు లివర్ మీద హాయిగా పడాలి, పూర్తిగా పిండినా లివర్ హ్యాండిల్‌ను తాకకూడదు. తాకుతోందంటే తీగ వదులైంది లేదా బ్రేకు రబ్బర్లు అరిగాయి. తీరానికి దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి తీగలు లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. పైకి బాగున్నట్టే ఉంటాయి గానీ పిండితే బరువుగా కదులుతాయి. రైడ్‌కు రెండు వారాల ముందే తీగ, దాని తొడుగు రెండూ మార్పించండి. ఖర్చు తక్కువ, దక్కేది ఎక్కువ.

పెడల్: పాదం ముందుభాగం పైకి లేవనివారి కాలు పెడల్ మీంచి జారిపోతుంది. చాలామంది పాదాన్ని పట్టీతో పెడల్‌కు కట్టేస్తారు. అది ప్రమాదం, పడేటప్పుడు కాలు బయటికి రాదు. వెడల్పుగా, పైన గరుకు మేకులున్న చదును పెడల్, గట్టి అడుగున్న బూటు వాడాలి. చీలమండకు వైద్యులిచ్చిన ఆధారపట్టీ ఉంటే అది వేసుకునే తొక్కవచ్చు. చేతులకు మెత్త ఉన్న గ్లవుజులు వేసుకుని, పావుగంటకోసారి పట్టు మార్చుతూ ఉండాలి.

అపోహ: "మోకాల్లో లోహపు కీలు వేశారు, సైకిల్ జోలికి పోకూడదు."

ఎముక క్యాన్సర్‌కు మోకాలి చుట్టూ ఎముక తీసి లోహపు కీలు అమర్చినవారికి గెంతే ఆటలు వద్దంటారు. సైకిల్ అలాంటిది కాదు, సీటు బరువు మోస్తుంది. పెడల్ పూర్తి చుట్టు తిరగాలంటే మోకాలు సుమారు 110 డిగ్రీలు మడవాలి. అంత మడవకపోతే సీటు కాస్త పైకి లేపాలి, లేదా 170 మిల్లీమీటర్ల క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) బదులు 150ది వేయించాలి. సాధారణంగా పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25-35 డిగ్రీలు వంగి ఉంటే సీటు ఎత్తు సరిపోయినట్టు. నిలబడి తొక్కడం మాత్రం వద్దు. పడితే లోహం పక్కన ఉన్న ఎముక విరగవచ్చు, అది అతకడం కష్టం. వీళ్లకు మా సలహా గుంపులో చివరన, పక్కన ఒక తోడుతో తొక్కమని.

అపోహ: "ఛాతీలో పోర్ట్ ఉంది, కాబట్టి కుదరదు."

పోర్ట్ అంటే మందు ఎక్కించడానికి అమర్చే చిన్న పరికరం. అది చర్మం కిందే ఉంటుంది, తొక్కవచ్చు. దాని మీదుగా బ్యాగు పట్టీ పోకూడదు, సామాను నడుముకో సైకిల్‌కో కట్టుకోవాలి. పోర్ట్ మీద దెబ్బ తగిలినా, ఆ వైపు చెయ్యి వాచినా చూపించుకున్నాకే మళ్లీ అందులో మందు ఎక్కించాలి. పోర్ట్ తీసేసినవారు కుట్లు మానాక, శస్త్రవైద్యుడు సరేనన్నాకే సైకిల్ ఎక్కాలి. చేతిలో పిక్ లైన్ (మందు ఎక్కించడానికి చేతి రక్తనాళంలోంచి వేసి, కొస బయటికి ఉంచే సన్నని గొట్టం) ఉన్నవారిని మాత్రం రైడ్‌కు తీసుకోవద్దు.

ఇంకా కీమో మాత్రలు వాడుతున్నవారు వారం లోపల తీసిన రక్తపరీక్ష తేవాలి. ప్లేట్‌లెట్లు 50,000 కంటే తక్కువుంటే ఆ రోజు సైకిల్ లేదు. పడితే లోపల రక్తస్రావం సులువుగా ఆగదు. హిమోగ్లోబిన్ 8 కంటే తక్కువున్నా అంతే.

అపోహ: "ఎలక్ట్రాల్, కొబ్బరినీళ్లు ఎంత తాగితే అంత మంచిది."

సిస్‌ప్లాటిన్, ఐఫాస్ఫమైడ్ వంటి మందులు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో కొందరికి కొబ్బరినీళ్లలో ఉన్న పొటాషియం ఎక్కువవుతుంది, కొందరికి ఒంట్లో ఉన్న పొటాషియమే నిలవదు, అందుకే ఒకే సలహా అందరికీ కుదరదు. మిగతావారికి చల్లటి ఉదయం గంటకు అరలీటరు నీళ్లు చాలు. ఓఆర్ఎస్ పొట్లం మీద లీటరు అని ఉంటే లీటరులోనే కలపాలి. రుచి కోసం సగం నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై వాంతులవుతాయి. బయలుదేరడానికి గంటన్నర ముందు చోడి (రాగి) అంబలి గానీ ఇడ్లీలు గానీ తిని, దారిలో అరటిపండు, వేరుశనగ చిక్కీ తింటే సరిపోతుంది. రోడ్డు పక్క కోసి పెట్టిన పళ్లు వద్దు.

అపోహ: "మొత్తం తొక్కితేనే తొక్కినట్టు."

ఈ మాటకు కారణం చాలావరకు విరాళం పద్ధతే. "కిలోమీటరుకు ఇంత ఇస్తాం" అని ఒప్పుకుంటే ఆయాసం వచ్చినా ఆ పిల్ల ఆగదు, తను ఆగితే ఇంకో పిల్లకు డబ్బు తగ్గుతుందనుకుంటుంది. కిలోమీటరు లెక్క పూర్తిగా తీసేయండి. విరాళం ఎంతో ముందే తేలిపోవాలి, ఎక్కడ దిగినా అది మారకూడదు. ఐదు కిలోమీటర్లకు అరసవల్లి దాటాక ఒక ఆపు, తర్వాత గారలో ఒకటి పెట్టండి. వెనక సైకిల్ ఎక్కించుకునే బండి, దాని వెనక అంబులెన్సు నడవాలి. తిరుగు ప్రయాణం అందరికీ బండిలోనే.

సాధనకు పది వారాలు కావాలి. మొదటి రెండు వారాలు వారానికి మూడుసార్లు పదిహేను నిమిషాలు. ఆ తర్వాత వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ, నాలుగో వారం, ఎనిమిదో వారం కాస్త తగ్గించాలి. రైడ్‌కు పది రోజుల ముందు నాటికి మొత్తం దూరంలో మూడొంతుల్లో రెండొంతులు హాయిగా తొక్కగలిగినవారికే పూర్తి దూరం. గంటకు 12-14 కిలోమీటర్ల వేగం చాలు. వెలుతురు రాగానే బయలుదేరితే తొమ్మిదింటికి తీరం చేరతారు. ఆలస్యమైతే సముద్రపు గాలి మొదలై ఎదురుగానో పక్కనుంచో కొడుతుంది, అదే దూరం చాలా బరువవుతుంది. డిసెంబరు, జనవరిల్లో మంచు పడుతుంది కాబట్టి వెనక ఎర్ర లైటు వెలుగుతూ ఉండాలి. అక్టోబరు, నవంబరుల్లో తేదీ పెట్టకండి, అది మన తీరానికి తుఫానుల కాలం. 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరు 11నే.

అపోహ: "వేదిక ఎక్కించి కథ చెప్పిస్తే విరాళాలు బాగా వస్తాయి."

రావచ్చు. కానీ ఆ వీడియో ఊరంతా తిరిగాక ఆ అమ్మాయి సంబంధాల దగ్గర, ఆ కుర్రాడి ఉద్యోగం దగ్గర దాని బరువు మోసేది వాళ్లే. క్యాన్సర్ అంటుకోదని తెలిసినవాళ్లు కూడా పెళ్లిమాటల దగ్గర వెనకాడతారు. చొక్కా మీద "సర్వైవర్" అని అచ్చు వేయొద్దు, అందరికీ ఒకే చొక్కా. పద్దెనిమిదేళ్లు నిండనివారి ఫొటోకు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, దానితో పాటు పిల్లల సొంత ఒప్పుకోలు రెండూ తీసుకోండి. ముందు ఒప్పుకుని ఆ ఉదయం వద్దంటే, వద్దన్నదే చెల్లుతుంది. జబ్బు వివరాలు, మందుల పేర్లు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు ఉన్న చిన్న కార్డు సీటు కింద సంచిలో మడిచి పెట్టి, అంబులెన్సువాళ్లకు మాత్రం చెప్పాలి.

అపోహ: "ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఇంక విరాళం ఎందుకు?"

2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన ఈ పథకం చికిత్స ఖర్చు చూస్తుంది. లుకేమియా చికిత్స రెండేళ్లు దాటుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైనే. బస్సు ఛార్జీలు, అక్కడ ఉండే గది, తిండి, తోడు వెళ్లిన నాన్న పోగొట్టుకున్న కూలి, ఇవన్నీ పథకంలో పూర్తిగా రావు. చికిత్స మధ్యలో మానేయడానికి ఇవి పెద్ద కారణాలు. మీ విరాళం వీటికని కరపత్రం మీదే రాయండి. చొక్కాలు, టిఫిన్ల ఖర్చు వేరే దాత భరిస్తే మంచిది. కుదరకపోతే ఎంత ఖర్చయిందో నెలలోపు లెక్క బయటపెట్టండి. 80జి అని అందరూ పిలిచే పన్ను మినహాయింపు 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి వర్తించదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లలో భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి డబ్బును ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి.

అపోహ: "రైడ్ అయ్యాక ఒళ్లు నొప్పులు, జ్వరం మామూలే."

తొడల్లో, పిక్కల్లో నొప్పి రెండు మూడు రోజులుంటుంది, అది మామూలే. జ్వరం మామూలు కాదు. పోర్ట్ ఉన్నవారికి, కీమో మాత్రలు వాడుతున్నవారికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించాలి. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, ఒక కాలే వాచి నొప్పి పుట్టినా అదే దారి. ఈ మూడు మాటలూ, వెళ్లాల్సిన ఆసుపత్రి నంబరూ కార్డు వెనక రాసి, రైడ్ ముగిసిన చోటే అమ్మానాన్నల చేతికివ్వండి.