పరగడుపున పరిగెత్తితే కొవ్వు కరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

"మేడమ్, 16 గంటలు ఫాస్టింగ్ ఉండి పొద్దున్నే పది కిలోమీటర్లు పరిగెడుతున్నా. బరువు కదలడం లేదు. 20 గంటలకు పెంచనా?"

డైటీషియన్‌గా ఈ ప్రశ్న వినని వారం లేదు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉంటుంది కాబట్టి జూన్ నుంచి ఇంకా ఎక్కువ.

అపోహ: ఖాళీ కడుపుతో ఎంత పరిగెడితే అంత కొవ్వు తగ్గుతుంది.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇంతగా పాకింది. రాత్రి తిన్నాక పది పన్నెండు గంటలు గడిస్తే ఇన్సులిన్ తగ్గుతుంది, లివర్‌లో నిల్వ ఉండే చక్కెర (గ్లైకోజెన్) బాగా తరుగుతుంది. అప్పుడు నెమ్మదిగా పరిగెడితే శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుంటుంది. కానీ ఒంటి మీద కొవ్వు తగ్గాలంటే ఆ ఒక్క గంట లెక్క చాలదు. రోజుల తరబడి తిన్నదెంత, ఖర్చయినదెంత అన్నదే ముఖ్యం. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో 20 మంది యువతులు నాలుగు వారాల పాటు, వారానికి మూడు రోజులు, గంటసేపు వ్యాయామం చేశారు. సగం మంది పరగడుపున, సగం మంది తిన్నాక. అందరికీ తక్కువ కేలరీల ఆహారమే. రెండు గుంపులూ బరువు తగ్గాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

తేడా లేదు కదా, చేస్తే నష్టమేంటి అంటారు. నష్టం లాంగ్ రన్‌లు మొదలయ్యాక తెలుస్తుంది. నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి హాఫ్ మారథాన్‌కు సిద్ధమవుతూ రోజూ 18 గంటలు ఫాస్టింగ్ ఉండేది. మిగతా ఆరు గంటల్లో ఆకలి చచ్చిపోయి రెండు పుల్కాలు, కాస్త పప్పు, అంతే. నాలుగు నెలలుగా నెలసరి లేదు. "ట్రైనింగ్‌లో ఇది మామూలేనట మేడమ్" అంది. మామూలు కాదు తల్లీ! పరుగుకు పోగా మిగిలిన శక్తి చాలకపోతే మెదడు ముందు పునరుత్పత్తి హార్మోన్లను తగ్గించేస్తుంది. ఈస్ట్రోజెన్ పడిపోతే ఎముక బలహీనపడుతుంది. కాలి ముందు ఎముక నొప్పిని ఆమె కండరాల నొప్పి అనుకుంది. ఎమ్మారైలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడిన ఒత్తిడికి ఎముకలో వచ్చిన సన్న పగులు, బయటపడింది. ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి లోటు) అని పేరు పెట్టింది. మగవాళ్లకూ వస్తుంది, వాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గుతుంది. మూడు నెలలు నెలసరి ఆగితే ఫాస్టింగ్ ఆపి డాక్టర్‌ను కలవండి. భయపడాల్సిన పని లేదు, సరిపడా తింటే చాలామందిలో తిరిగి వస్తుంది.

మా అమ్మ ఏకాదశి ఉపవాసం నాడు బరువు పనులేవీ పెట్టుకునేది కాదు. పిండి రుబ్బడం కూడా మర్నాటికే. ఈ అమ్మాయిని చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లకు ఫాస్టింగ్, పరుగు రెండూ కలిస్తే ఇంకా మంచిది.

గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే దారిలోనే లో షుగర్ రావచ్చు. డపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మందులతో కీటోఅసిడోసిస్ (రక్తంలో కీటోన్ ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకోవడం) ముప్పు ఉంది, అదీ మీటర్‌లో అంకె మరీ పెరగకుండానే. డాక్టర్ డోసు చూడకుండా మొదలుపెట్టొద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పరుగులో నీళ్లు తాగితే ఫాస్టింగ్ చెడదు. కండ కరుగుతుందనే టెన్షన్ ఉంటే ప్రొటీన్ సరిపడా తింటూ బరువులెత్తండి. ఆటోఫజీకి, అంటే కణాలు తమలోని పాత భాగాలను శుభ్రం చేసుకునే పనికి, 16వ గంటలో స్విచ్ పడుతుందని వాట్సాప్‌లో తిరిగేది వదిలేయండి, మనుషుల్లో అలాంటి గంట ఎవరూ తేల్చలేదు.

ముప్పావుగంట లోపు నెమ్మదిగా పరిగెత్తేవాళ్లు, ఆరోగ్యంగా ఉంటే, పరగడుపున వెళ్లొచ్చు. గంటన్నర దాటేదానికీ, వేగంగా పరిగెత్తే రోజుకూ ముందు ఒక అరటిపండో రెండు ఇడ్లీలో తినాలి. ఆ హాఫ్ మారథాన్ అమ్మాయి ఇప్పుడు ఆదివారాలు తిన్నాకే పరుగుకు వెళ్తోంది. మూడో నెలలో నెలసరి వచ్చిందని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. పరుగు ఇంకా ఐదు కిలోమీటర్ల దగ్గరే ఉంది.