గాజు పోగులు ఎటు వాలితే బలం అటే

కట్టెలు కొట్టేవాళ్లకు తెలిసిందే: గొడ్డలి దెబ్బ నార వెంట పడితే కట్టె ఇట్టే చీలుతుంది, అడ్డంగా పడితే గొడ్డలే ఇరుక్కుంటుంది. కారు ఇంజిన్ చుట్టూ ఉండే నల్లటి నైలాన్ భాగాలకూ అలాంటి నారే ఉంటుంది. దాన్ని పెంచింది చెట్టు కాదు, మోల్డ్‌లోకి పారిన వేడి ప్లాస్టిక్.

ఈ నైలాన్‌లో తరచూ బరువులో 30 శాతం గాజు పోగులు కలుపుతారు. ఒక్కోటి సుమారు 10 మైక్రాన్ల మందం. మెషిన్‌లో నలిగి విరిగాక మిగిలే పొడవు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటే గొప్ప.

మూడు మిల్లీమీటర్ల పలకను ప్రవాహానికి అడ్డంగా కోసి, నునుపుగా పాలిష్ పట్టి మైక్రోస్కోప్ కింద పెట్టండి. పైనా కిందా అంచుల దగ్గర గుండ్రటి చుక్కలు, నడుమ సన్నటి పట్టీలో పొడవాటి గీతలు కనిపిస్తాయి. చుక్కంటే పోగు మన వైపు చూస్తోందని, అంటే ప్రవాహం వెంట ఉందని. గీతంటే అడ్డంగా పడుకుందని. చల్లటి గోడల దగ్గర ప్లాస్టిక్ పొరలు ఒకదాని మీద ఒకటి జారుతూ పోగుల్ని తమ దారిలోకి లాక్కుంటాయి. నడుమ ఆ రాపిడి ఉండదు. ప్లాస్టిక్ మోల్డ్‌లోకి దూరే ద్వారం, అంటే గేటు దగ్గర విసనకర్రలా విచ్చుకునే ప్రవాహం అక్కడి పోగుల్ని పక్కకు తిప్పేస్తుంది.

దీన్ని కంప్యూటర్ ముందే ఎలా చెబుతుంది? ఒక ఘన సెంటీమీటరులోనే 60, 70 లక్షల పోగులుంటాయి. ఒక్కోదాన్నీ వెంటాడటం అయ్యే పని కాదు. జిగట ద్రవంలో ఒంటరి రేణువు ఎలా పల్టీలు కొడుతుందో 1922లో జెఫ్రీ అనే శాస్త్రవేత్త లెక్కగట్టాడు. పోగులు ఒకదాన్నొకటి ఢీకొని దారి తప్పడాన్ని 1984లో ఫోల్గర్, టక్కర్ అనే పరిశోధకులు ఆ లెక్కలో చేర్చారు. 1987లో సురేశ్ అద్వానీ, టక్కర్ ఈ గుంపునంతా టెన్సర్ అనే కొద్దిపాటి అంకెల్లోకి దించారు. ప్రవాహ దిశలో ఆ అంకె 1 అయితే అన్నీ అటే చూస్తున్నట్టు, 0.33 చుట్టూ ఉండి మిగతా దిశల్లోనూ అంతే ఉంటే ఎటంటే అటు ఉన్నట్టు.

నా అనుభవంలో మోసం చేసేది ఈ అంకెల్ని కంప్యూటర్ రంగుల్లో చూపించే బొమ్మే. మందం మొత్తానికి సగటు 0.6 అని చూసి ‘ఫర్వాలేదు’ అనుకుంటాం. లోపల అంచుల్లో 0.8, నడుమ 0.2 ఉండొచ్చు. అందుకే పొరపొరగా విడదీసి చూడాలి. పాత మోడల్స్‌కు ఇంకో తొందర కూడా ఉంది: పోగులు నిజంగా తిరిగేదానికంటే త్వరగా తిరిగిపోతాయని లెక్క వేసేవి. 2008లో టక్కర్ బృందమే ఆ వేగానికి కళ్లెం వేసింది.

ఇంత టెన్షన్ ఎందుకంటే, చల్లారేటప్పుడు నైలాన్ పోగుల వెంట తక్కువగా, అడ్డంగా చాలా ఎక్కువగా కుంచించుకుపోతుంది. మోల్డ్‌లో చదునుగా ఉన్న మూత బయటికొచ్చాక వంకర తిరుగుతుంది. రంధ్రం చుట్టూ చీలిన ప్రవాహం అవతల కలిసే వెల్డ్ లైన్ దగ్గర ఇంకా కష్టం. అక్కడ పోగులు గీత వెంటే పడుకుంటాయి, దాటి అవతలికి పోయేవి తక్కువ. సరిగ్గా అక్కడే బోల్టు బరువు మోయాల్సి వస్తే ఎంత గాజు కలిపినా పెద్దగా లాభం లేదు, గేటు జరపాల్సిందే. మోల్డ్ కోసం స్టీలు కోయకముందైతే అది స్క్రీన్ మీద పది నిమిషాల పని.