తెరచాప ఓడల చెక్క మోడళ్లు: అపోహలు - వాస్తవాలు

మా ఇంటికి వచ్చి గాజు పెట్టెలోని ఓడను చూసినవాళ్లు ముందు ధర అడుగుతారు. ఆ వెంటనే "టేకేనా అండీ?" అంటారు. విశాఖలో ఉంటూ ఇరవై ఏళ్లుగా పాత తెరచాప ఓడల మోడళ్లు చేస్తున్నాను. కొనేవాళ్ల నుంచీ, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల నుంచీ నేను తరచూ వినే మాటలు కొన్ని, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: అసలు ఓడ టేకుతో కట్టారు కాబట్టి మోడల్ కూడా టేకుదైతేనే విలువ.

వాస్తవం: ఓడకు టేకు గొప్ప చెక్క, అందులో అనుమానం లేదు. బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం టేకుతో కట్టిన 'ట్రింకోమలీ' 1817లో నీళ్లలోకి దిగింది. ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఇవాళ్టికీ తేలుతూనే ఉంది. దాని ప్లాన్లు తీసుకొస్తున్న 'జావా' అనే బ్రిటిష్ ఓడను 1812లో అమెరికన్లు యుద్ధంలో దెబ్బతీశారు. ఆ ప్లాన్లు పోవడంతో మళ్లీ గీసిన ప్రతిని పంపాల్సి వచ్చింది. ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కానీ మోడల్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. 1:72 స్కేలు అంటే ఓడలో ప్రతిదీ 72వ వంతుకు తగ్గుతుంది. టేకు నార, దాని సన్న రంధ్రాలు మాత్రం తగ్గవు. ఆ స్కేలులో మనిషి రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండడు. అతని పాదం కింద ఉన్న పలకలో వేలంత వెడల్పు గీత కనబడితే ఎలా ఉంటుంది? అందుకే ఈ పని చేసేవాళ్లు బాక్స్‌వుడ్, పియర్ లాంటి సన్న నార చెక్కల కోసం వెతుకుతారు. నేను డెక్ (ఓడ నేల) పలకలకు అంకుడు వాడతాను. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే చెక్క అదే. తెల్లగా, నున్నగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది.

అపోహ: స్కేలు రెట్టింపైతే ఓడ పట్టే చోటు కూడా రెట్టింపే.

వాస్తవం: ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఉన్న 'విక్టరీ' ఫిరంగుల డెక్ పొడవు 186 అడుగులు. 1:96లో అది 59 సెంటీమీటర్లు, 1:48లో 118. పొడవు రెండింతలే, కానీ వెడల్పు, ఎత్తు కూడా రెండింతలవుతాయి కాబట్టి ఓడ ఆక్రమించే చోటు ఎనిమిదింతలు. ముందు ఇంట్లో చోటు కొలుచుకుని తర్వాతే స్కేలు ఎంచుకోండి.

అపోహ: ధర ఎక్కువ, పాలిష్ మెరుస్తోంది, కాబట్టి మ్యూజియం క్వాలిటీ.

వాస్తవం: 'మ్యూజియం క్వాలిటీ' అనే మాటకు కొలబద్ద ఏదీ లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. మీరు ఒక చిన్న రూలర్ తీసుకెళ్లండి. నావికులు పైకెక్కే తాళ్ల నిచ్చెన చూడండి. అసలు ఓడలో మెట్టుకు మెట్టుకు మధ్య 13 నుంచి 15 అంగుళాలు ఉండేది. 1:72లో అది సుమారు 5 మిల్లీమీటర్లు. షాపు మోడల్‌లో సెంటీమీటరు ఉందంటే, పాపం ఆ నావికుడు ఒక్కో మెట్టుకు 72 సెంటీమీటర్లు కాలెత్తాలి, అదీ తుపాను గాలిలో.

తర్వాత డెక్ పలక పొడవు. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే పలక పరిచి ఉంటే అది తప్పు, అసలు ఓడలో అంత పొడవు పలకలు వాడేవాళ్లు కాదు. 24 అడుగుల పలక 1:72లో 10 సెంటీమీటర్లు అవుతుంది. అతుకులు కనబడాలి, అవి కూడా పక్కపక్కనే ఒక వరసలో రాకూడదు.

తాళ్ల రంగు కూడా చూడండి. స్తంభాలను కదలకుండా పట్టి ఉంచే తాళ్లకు తారు పూసేవాళ్లు, అందుకే అవి నల్లగా ఉండాలి. తెరచాపలను లాగే తాళ్లు జనపనార రంగులో ఉండాలి. అన్నీ ఒకే రంగు దారమైతే ఆ పని చేసినవాళ్లు ఓడను చదవలేదని అర్థం.

ఇక జెండా. అడ్డ తెరచాపలు ముందుకు ఉబ్బి ఉన్నాయంటే గాలి వెనక నుంచి వీస్తోందన్నమాట. జెండా కూడా ముందుకే ఎగరాలి. చాలా మోడళ్లలో తెరచాప ముందుకీ, జెండా వెనక్కీ ఉంటాయి. ఒకే ఓడ మీద రెండు గాలులు!

అపోహ: చేత్తో చేసినవన్నీ ఖరీదైన విదేశీ కళ, మనకూ దానికీ సంబంధం లేదు.

వాస్తవం: మారిషస్‌లో కురేపిప్ ఊరు ఈ చెక్క ఓడల మోడళ్లకు పేరుపడింది. ఆ దీవిలో తెలుగువాళ్లను ఒకప్పుడు 'కోరంగీలు' అనేవాళ్లు. కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడ ఎక్కి వెళ్లారు కాబట్టి ఆ పేరు. ఆ రేవు దగ్గర మన వడ్రంగులు ఓడలు కట్టేవాళ్లు కూడా.

అపోహ: కొలంబస్ 'శాంటా మరియా'కి ఇది అచ్చుగుద్దినట్టున్న నకలు.

వాస్తవం: ఆ ఓడ ప్లాను ఏదీ మిగల్లేదు. 1492 క్రిస్మస్ రోజున అది ఇసుక తిన్నె మీద ఎక్కి పాడైపోయింది. ఇప్పుడున్న ప్రతి శాంటా మరియా ఆ కాలపు ఓడలను చూసి ఊహించి కట్టినదే. దాని అడుగున రాగి రేకులు తొడిగిన మోడల్ కనబడితే మాత్రం కొనకండి. బ్రిటిష్ నౌకాదళం ఓడలన్నిటికీ రాగి తొడగడం మొదలైంది 18వ శతాబ్దం చివర్లో. విక్టరీకి తొడిగింది 1780లో.

కాబట్టి 'నకలు' అనే మాట జాగ్రత్తగా వాడాలి. అసలు ఓడే కళ్లముందు ఉన్నా పొరపాటు జరుగుతుంది. స్వీడన్ ఓడ 'వాసా' 1628లో తొలి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకి వచ్చింది. చాలాకాలం దాని శిల్పాల వెనక రంగు నీలం అనుకున్నారు. చెక్కకు అంటుకుని మిగిలిన రంగు పొడిని పరీక్షించాక అది ఎరుపని తేలింది. నీలం వేసిన పాత వాసా మోడళ్లను నేను తప్పుపట్టను. అప్పటికి తెలిసినంతలో నిజాయితీగా చేశారు. ఇప్పుడు కొత్తగా చేస్తూ నీలం వేస్తే మాత్రం బాధేస్తుంది.

అపోహ: సీసాలో ఓడను పెట్టాక గాజును ఊది మూస్తారు.

వాస్తవం: కాదు. స్తంభాలు మడిచిన ఓడను మూతి గుండా లోపలికి తోసి, దారం లాగి నిలబెడతారు.

అపోహ: ఓడ ముక్కు ఇంట్లోకి చూస్తే డబ్బు వస్తుంది.

వాస్తవం: అది ఎవరి నమ్మకం వాళ్లది, నేను వాదించను. కానీ ఆ నమ్మకంతో గుమ్మం పక్కన ఎండలో పెడుతున్నారు. ఎండకు దారాలు పెళుసెక్కుతాయి, రంగు వెలిసిపోతుంది. ఏసీ గాలి నేరుగా తగిలినా ఇబ్బందే, చెక్క బిగుస్తూ వదులవుతూ తాళ్లు జారిపోతాయి.

అపోహ: గాలి చొరబడకుండా పెట్టెలో బిగిస్తే వందేళ్లు ఉంటుంది.

వాస్తవం: ఇది నాకు అనుభవమే. నేను మొదట్లో చేసిన ఒక ఓడకు సీసం (లెడ్) పోతపోసిన ఫిరంగులు కొని పెట్టాను. ప్లైవుడ్ అడుగుతో పెట్టె చేయించి, సందులన్నీ సిలికాన్‌తో మూశాను. కొన్నేళ్లకు ఫిరంగుల మీద తెల్లటి పిండి కనిపించింది. దుమ్మనుకుని బ్రష్‌తో తుడిస్తే ఫిరంగి మూతి కాస్తా రాలిపోయింది. చెక్క, జిగురు వదిలే ఆమ్లపు ఆవిర్లు బయటికి పోలేక లోపలే తిరిగి సీసాన్ని తినేస్తాయి. ఆ రోజు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. నలభై ఫిరంగులూ ఒక్కొక్కటిగా పీకి ఇత్తడివి పెట్టాను.

మీ దగ్గర పాత మోడల్ ఉంటే టార్చ్ వేసి ఫిరంగులు, లంగర్లు చూడండి. తెల్లపొడి ఉంటే చేత్తో ముట్టుకోకండి, సీసం విషం. పెట్టె అడుగున రెండు పక్కలా చిన్న రంధ్రాలు పెట్టించి, దుమ్ము రాకుండా లోపలి నుంచి సన్నటి వల అతికించండి.