కాడికి ఒక్కటే ఎద్దు

టీ పొట్లం మీద "యాంటీ ఆక్సిడెంట్లు పుష్కలం" అని రాసి ఉంది, వాటిని ఎలా కొలుస్తారండీ అని ఒక పాఠకురాలు అడిగారు. ఎంత మంచి ప్రశ్న! ఏ పండు తింటే ఏం లాభమో చెప్పేవాళ్లకు కొదవ లేదు. కొలిచే తీరు గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. నాకు మాత్రం అసలు అందమంతా అక్కడే ఉంది.

వంటింట్లోనే మొదలుపెడదాం. పలచటి గంజిలో గాయాలకు రాసే అయోడిన్ మందు ఒక చుక్క వేయండి. ముదురు నీలం వస్తుంది. దాన్లోకి ఉసిరికాయ రసం చుక్కచుక్కగా వదలండి. కాసేపటికి నీలం విరిగిపోతుంది. రసంలోని విటమిన్ సి తన ఎలక్ట్రాన్లను అయోడిన్‌కు ఇచ్చేసింది. ఇలా ఎలక్ట్రాన్లను ఇచ్చేవే యాంటీ ఆక్సిడెంట్లు. అయోడైడ్‌గా మారాక దానికి గంజిని నీలం చేసే శక్తి లేదు. ఎన్ని చుక్కలకు రంగు పోయిందో, అదే కొలత.

ప్రయోగశాలలో ఈ పనికి ఎక్కువగా వాడేది డీపీపీహెచ్ అనే రసాయనం. 1958లో శాస్త్రవేత్త మార్స్‌డెన్ బ్లాయిస్ చూపిన దారి ఇది. మిథనాల్‌లో కలిపితే చిక్కటి ఊదారంగు. అణువుల్లో ఎలక్ట్రాన్లు సాధారణంగా కాడికి కట్టిన ఎద్దుల్లా జతజతలుగా ఉంటాయి. డీపీపీహెచ్‌లో ఒకచోట కాడికి ఒక్క ఎద్దే ఉంది. ఇలాంటి ఒంటెద్దు అణువులే ఫ్రీ రాడికల్స్. చాలావాటికి ఆయుష్షు క్షణమైనా ఉండదు, దొరికినదానితో జతకట్టేస్తాయి. ఇది మాత్రం పొడిగా సీసాలో నెలల తరబడి నిలుస్తుంది. ఆ ఒంటరి ఎలక్ట్రాన్ అణువంతా పరుచుకుని ఉంటుంది, పైగా చుట్టూ బెంజీన్ వలయాలు కంచె కట్టినట్టు నిలబడతాయి.

టీ డికాక్షన్ వేయగానే అందులోని వగరు పదార్థమైన పాలీఫినాల్ తన హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) నుంచి ఎలక్ట్రాన్‌తో పాటు హైడ్రోజన్‌ను విప్పి ఇస్తుంది. కాడి నిండుతుంది. ఊదా పోయి పసుపు వస్తుంది. 517 నానోమీటర్ల కాంతిని ద్రావణం ఎంత తక్కువగా పీల్చుకుంటోందో స్పెక్ట్రోఫొటోమీటర్ అనే కాంతిని కొలిచే పరికరం చెబుతుంది. రంగును సగానికి తగ్గించడానికి ఎంత డికాక్షన్ పట్టిందో రాసుకుంటారు. తక్కువ పడితే బలం ఎక్కువన్నమాట.

విటమిన్ సి ఒక్క అణువే రెండు ఎద్దులను ఇవ్వగలదు, అదీ క్షణాల్లో. పెద్ద పాలీఫినాళ్లు కంచె దాటలేక నెమ్మదిగా ఇస్తాయి. అందుకే సీసాను చీకట్లో 30 నిమిషాలు ఉంచడం ఆనవాయితీ. అణువు పరిమాణాన్ని బట్టి ఫలితం మారడం నా దృష్టిలో పెద్ద లోపమే. పొట్టిగా ఉన్నవాడు సందులోంచి దూరిపోయాడని వాడికే బలమెక్కువ అనలేం కదా!

ఇంకో చిక్కు నేరేడు రసంతో. దాని రంగుకు మూలమైన ఆంథోసయనిన్లు సరిగ్గా 520 నానోమీటర్ల దగ్గరే కాంతిని పీలుస్తాయి. మందారంలోనూ ఉండేవి ఇవే. కత్తికి ముందుగా మందార రేకులు రుద్ది, నిమ్మకాయ కోసి "నెత్తురు" చూపించి జనాన్ని భయపెట్టేవాళ్ల గుట్టు కూడా ఈ రంగే, పులుపు తగలగానే ఎర్రబడుతుంది. పిల్లలకు ఇది చేసి చూపిస్తే చాలు, ఆ భయం జన్మలో దగ్గరికి రాదు. కొలతలో మాత్రం పోకుండా మిగిలింది డీపీపీహెచ్ రంగో, నేరేడు రంగో తెలియదు. కాబట్టి డీపీపీహెచ్ లేకుండా ఉత్త రసాన్ని కూడా పక్కన కొలిచి, ఆ అంకెను తీసేయాలి.

పాలీఫినాళ్లు తగిలితే నీలంగా మారే ఫోలిన్-సియోకాల్టూ కారకంతో ఈ బెడద తక్కువ. 1927లో దాన్ని ప్రొటీన్ల పరీక్ష కోసం చేశారు. 1965లో సింగిల్టన్, రోసీ అనే పరిశోధకులు ద్రాక్షసారాలోని పాలీఫినాళ్లను కొలిచేందుకు మలిచారు. నీలాన్ని 765 నానోమీటర్ల దగ్గర చదువుతారు, అక్కడ పండ్ల ఎరుపు అడ్డురాదు. కానీ ఇది విటమిన్ సిని కూడా పాలీఫినాల్ లెక్కలోనే వేసేస్తుంది.

అమెరికా వ్యవసాయ శాఖ ఆహారాల యాంటీ ఆక్సిడెంట్ శక్తి అంకెల పట్టికను ఒకప్పుడు అందరికీ అందుబాటులో ఉంచింది, 2012లో తీసేసింది. పరీక్షనాళికలో వచ్చిన అంకె ఒంట్లో జరిగేదాన్ని చెప్పదు. టీ తాగాక పాలీఫినాళ్లలో చాలా భాగం రక్తంలోకే రాదు. వచ్చినవాటి హైడ్రాక్సిళ్లకు పేగులు, కాలేయం కలిసి సల్ఫేట్, గ్లూకురొనైడ్, మిథైల్ అనే తోకలు తగిలిస్తాయి. ఎద్దును విప్పాల్సిన చోటే ముడి పడుతుంది.