చప్పుడు చేయని పోలీసు బండి

పోలీసు బండి అనగానే మనకు గుర్తొచ్చేది బుల్లెట్. వీధి మొదట్లో ఉండగానే వస్తున్నట్టు తెలిసిపోతుంది. బ్రిటన్‌లో 1950లు, 60లలో గస్తీ పోలీసులు తిరిగిన వెలోసెట్ ఎల్‌ఈ దీనికి పూర్తిగా ఎదురు. వెనకే వచ్చి ఆగినా తెలిసేది కాదు.

అసలు దాన్ని పోలీసుల కోసం చేయలేదు. బర్మింగ్‌హామ్‌లో గుడ్‌మన్ కుటుంబం నడిపిన వెలోసెట్ కంపెనీ రేసు బళ్లకు పెట్టింది పేరు. 1949, 1950లలో 350 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్ వాళ్ల బళ్ల మీదే గెలిచారు. అలాంటివాళ్లు రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, ప్యాంటుకు గ్రీజు అంటకుండా ఆఫీసుకు వెళ్లొచ్చే బండి చేద్దామని కూర్చున్నారు. 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో పెట్టారు.

149 సీసీ ఇంజిన్. రెండు సిలిండర్లు, అటొకటి ఇటొకటి. కారుకున్నట్టు రేడియేటర్. చెయిన్ లేదు, షాఫ్ట్ డ్రైవ్, అంటే వెనక చక్రాన్ని తిప్పేది ఓ ఇనుప కడ్డీ. కిక్ కూడా లేదు, పక్కనున్న పొడవాటి లివర్ చేత్తో లాగితే స్టార్టయ్యేది. గేర్లూ చేత్తోనే. ఎదురెదురు పిస్టన్లు ఒకదాని అదురును ఒకటి సర్దేసేవి, సిలిండర్ల చుట్టూ ఉన్న నీళ్లు చప్పుడును మింగేసేవి.

ఇంత చేసినా జనం అనుకున్నంతగా కొనలేదు. ధర ఎక్కువ, పికప్ తక్కువ. 1950 చివర్లో ఇంజిన్‌ను 192 సీసీకి పెంచారు, అయినా కుర్రాళ్లకు నచ్చే బండి కాదది. నచ్చింది పోలీసులకు. అప్పటిదాకా బీటు కానిస్టేబుల్ నడిచో, సైకిల్ తొక్కో తిరిగేవాడు. రాత్రి గస్తీలో దొంగకు వినపడకుండా వెళ్లే బండి దొరికితే ఎవరు కాదంటారు? యాభైకి పైగా పోలీసు దళాలు కొన్నాయి. తర్వాత్తర్వాత వైర్‌లెస్ సెట్లు బిగించారు.

పై అధికారి ఎదురైతే సెల్యూట్ కొట్టాలి, హ్యాండిల్ వదిలితే ప్రమాదం. అందుకని తల ఊపితే చాలన్నారట. ఇంగ్లిష్‌లో తల ఊపడాన్ని ‘నాడ్’ అంటారు, దాంతో జనం దీన్ని ‘నాడీ బైక్’ అన్నారు.

1958లో వచ్చిన మూడో మోడల్‌కు గానీ కిక్, కాలి గేర్లు రాలేదు. 1960లలో కంపెనీకి మరో దెబ్బ, తాను తెచ్చిన వైస్రాయ్ స్కూటర్. దాన్ని అడిగే నాథుడే లేడు. ఆ దశాబ్దం చివరికి బీటు పోలీసులు చిన్న కార్లెక్కారు. పెద్ద గిరాకీ పోయింది. 1971లో కంపెనీ మూతపడింది. రేసుల్లో అంత పేరు తెచ్చుకున్నా, వెలోసెట్ బళ్లలో ఎక్కువగా అమ్ముడైంది మాత్రం ఈ ఎల్‌ఈనే.