ఎర్రగుంట్లకు ఒక టికెట్

మా చిన్నాయన కొడుకు కడపలో బస్సెక్కాడు. పోవాల్సింది ప్రొద్దుటూరికి. కండక్టర్ దగ్గరికి రాగానే "ఎర్రగుంట్ల ఒకటి" అన్నాడు. అక్కడ దిగి షేర్ ఆటో ఎక్కాడు. ఆటోవాళ్లే "ప్రొద్దుటూరు, ప్రొద్దుటూరు" అని అరుస్తుంటారు కాబట్టి నోరు తెరిచే పని లేదు. 'ప్రొ' దగ్గర మాట పట్టేస్తుందని వాడి భయం. వాడికి నత్తి ఉందని ఆ బస్సులో ఎవరికీ తెలియదు.

నత్తి నాలుక మందం వల్ల వచ్చేది కాదు. ఊపిరి, గొంతు, నాలుక, పెదవులు ఒకే తాళంలో కదలాలి. మెదడు ఆ తాళం వేసే తీరులోనే తేడా ఉంటుంది. తరగతంతా కలిసి ఎక్కాలు చదివేటప్పుడు తడబడని పిల్లవాడు, ఒక్కడినే లేపి నిలబెడితే ఆగిపోతాడు. పాట మాత్రం హాయిగా పాడతాడు. మరి వస రాస్తే, నోట్లో గులకరాళ్లు పెడితే ఏం లాభం? టెన్షన్ నత్తిని పెంచుతుందే గానీ పుట్టించదు. వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. 2010లో దీనితో ముడిపడిన జన్యువులు కొన్ని బయటపడ్డాయి కూడా.

సాధారణంగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. నూటికి సుమారు 5 మంది పిల్లల్లో కనిపించి, చాలామందిలో దానంతటదే పోతుంది. పెద్దల్లో నూటికి ఒకరికి మిగులుతుంది, వాళ్లలో మగవాళ్లే ఎక్కువ. "పెద్దయితే పోతుందిలే" అని ఏళ్లు గడపకండి. నెలలు గడిచినా తగ్గకపోతే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. చిన్నపిల్లల విషయంలో శిక్షణ ఎక్కువగా తల్లిదండ్రులకే ఇస్తారు. పెద్దవాళ్లకు ఉన్నట్టుండి నత్తి వస్తే అది వేరే సంగతి, పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

స్పీచ్ థెరపిస్టు చేసే పరీక్షలో నూరు అక్షరాలకు ఎన్ని తడబడ్డాయో, ఎంతసేపు పట్టేసిందో, కళ్లు గట్టిగా మూసుకుంటున్నారో లెక్కిస్తారు. మావాడు ఆ బస్సులో మాట్లాడినట్టే మాట్లాడితే ఆ లెక్క సున్నా. అందుకే మంచి థెరపిస్టు ఇంకోటి అడుగుతారు: ఏ మాటలు మార్చేస్తావు? ఫోన్ మోగితే ఎత్తుతావా? నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే.

పెద్దయ్యాక నత్తిని పూర్తిగా పోగొట్టే మందు లేదు. మాట పట్టేసిన చోట బలవంతంగా నెట్టకుండా, పెదవులు వదులు చేసి మెల్లగా జారనివ్వడం నేర్పుతారు. తప్పించుకునే మాటనే కావాలని పలికిస్తారు.

మావాడు ఇప్పుడు ప్రొద్దుటూరికే టికెట్ అడుగుతున్నాడు. "ప్... ప్... ప్రొద్దుటూరు" అంటాడు. మొన్న కండక్టర్ "నిదానంగా చెప్పు" అనలేదు, మాట అందించనూ లేదు. మిషన్ పట్టుకుని, వాడి ముఖం చూస్తూ, పూర్తయ్యేదాకా ఆగాడు.